చుక్క కదలకపోతే

ఫోన్ మ్యాపు మీద కనిపించే మనిషి గుర్తును మా గుంపులో "చుక్క" అంటాం. "నీ చుక్క ఆరిపోయింది", "చుక్క వెలిగించుకొని బయలుదేరు" వంటి మాటలు ఆరేళ్లుగా ఆదివారాలు కలిసి మోటార్ సైకిళ్ల మీద తిరుగుతున్న ఏడుగురి మధ్య వాటంతట అవే పుట్టాయి. నల్లగొండలో మందుల దుకాణం నడిపే నేను, బడిలో లెక్కలు చెప్పే సారు, మిర్యాలగూడలో ఉండే మా బావ, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ సెలవు దొరికినప్పుడల్లా మాతో కలిసే వరస తమ్ముడు, మరో ముగ్గురు మిత్రులు, ఇదీ మా బలగం. పందేలు వేసుకొని బండ్లు తోలే వయసు మాలో ఎవరికీ లేదు. సాగర్, దేవరకొండ, డిండి, సోమశిల, ఏడాదికి ఒకటి రెండు సార్లు నల్లమల దాటి శ్రీశైలం, ఇంతే మా తిరుగుడు. ఈ తిరుగుడులో ఫోన్ లొకేషన్ మాకు ఎక్కడ అక్కరకు వచ్చిందో, ఎక్కడ బోల్తా కొట్టించిందో రాసిపెట్టమని లెక్కల సారు చాలా రోజులుగా పోరుతున్నారు కనుక ఇప్పుడు రాస్తున్నాను.

మొదటి దెబ్బ నవ్వులాటగానే తగిలింది. ఒక ఆదివారం దేవరకొండ కోట చూసి డిండి దాకా వెళ్లాలని, తమ్ముడు హైదరాబాద్ నుంచి ఇబ్రహీంపట్నం, మాల్ మీదుగా, మేము నల్లగొండ నుంచి నేరుగా వచ్చి, ఉదయం ఏడింటికి మల్లేపల్లిలో కలుసుకోవాలని అనుకున్నాం. మా వైపు మల్లేపల్లి అంటే కొండమల్లేపల్లే. ఆ మాటకు మరో అర్థం ఉంటుందన్న ఆలోచనే మాకు రాలేదు. ఏడుంపావుకు ఫోన్ వచ్చింది. "అన్నా, నేను మల్లేపల్లికి వచ్చిన, మీరేరి?" అన్నాడు. "ఏ హోటల్ ముందట ఉన్నవ్ రా?" అని అడిగితే, "హోటల్ కాదన్నా, ఐటీఐ ముందట ఉన్న" అన్నాడు. నిద్రమత్తులో ఫోన్‌లో మల్లేపల్లి అని కొట్టి, అది చూపించిన మొదటి పేరు పట్టుకొని, హైదరాబాద్ నడిబొడ్డున నాంపల్లి పక్కనున్న మల్లేపల్లికి చేరుకున్నాడు మా వాడు. ఆ రోజు ఇడ్లీ, వడ అతని వంతు కూడా మేమే తిన్నాం. ఇలాంటి జంట ఊళ్లు మన దగ్గర తక్కువేమీ లేవు. చిట్యాల మా జిల్లాలో ఒకటుంటే, భూపాలపల్లి జిల్లాలో మరొకటి ఉంది. అప్పటి నుంచి కలుసుకునే చోటును ఊరి పేరుతో చెప్పుకోవడం మానేశాం. ముందు రోజు రాత్రే ఒకరు మ్యాపులో ఆ చోటు మీద వేలు నొక్కిపట్టి, పిన్ను పెట్టి, ఆ పిన్నునే గుంపులోకి పంపాలి. మిగిలిన ఆరుగురూ దాన్ని తెరిచి, తమ ఇంటి నుంచి ఎన్ని కిలోమీటర్లు చూపిస్తోందో తిరిగి రాయాలి. అంకె తేడాగా ఉందంటే ఎవరో తప్పు పిన్ను చూస్తున్నారని అర్థం. ఈ అంకె చెప్పించే ఉపాయం సారుది.

అయితే పిన్ను సరైన ఊరిలో ఉన్నంత మాత్రాన సరిపోదని 65వ నంబరు జాతీయ రహదారి నేర్పింది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే ఆ దారికి మధ్యలో డివైడర్ ఉంటుంది. నార్కట్‌పల్లి దగ్గర ఒక టీ కొట్టు ముందు కలుద్దామని పిన్ను పెడితే, అది విజయవాడ వైపు వెళ్లే దారి పక్కన పడింది. సూర్యాపేట నుంచి వస్తున్న మా మిత్రుడికి ఆ కొట్టు కళ్ల ముందే ఉంది కానీ డివైడర్‌కు ఆవల ఉంది. యూటర్న్ కోసం ముందుకు పోయి తిరిగి రావలసినవాడు, రెండు వందల గజాలే కదా అని అంచు పట్టుకొని ఎదురుగా వచ్చాడు. మేము టీ గ్లాసులు పట్టుకొని చూస్తుండగానే ఒక బస్సు అతనికి జానెడు దూరంలో నుంచి దూసుకుపోయింది. ఆ పూట అతన్ని తిట్టాం కానీ, తరువాత ఆలోచిస్తే తప్పులో సగం పిన్ను పెట్టినవాడిదేననిపించింది, అంటే నాది. ఇప్పుడు రెండు దిక్కుల నుంచి మనుషులు రావలసి ఉంటే, కలుసుకునే చోటును అసలు పెద్ద రోడ్డు మీద పెట్టుకోము. కూడలి దాటి, అందరమూ ఒకే దిక్కుకు తిరిగిన తరువాత, ఎడమ చేతి వైపు వచ్చే పెట్రోల్ బంకు దగ్గర పెట్టుకుంటాం. ఏడు బండ్లు రోడ్డు దిగి నిలబడటానికి బంకు ఆవరణలో చోటు ఉంటుంది, నీళ్లు ఉంటాయి, ఆగినవారిని వెనక నుంచి వచ్చే లారీ గుద్దే భయం ఉండదు.

ఇక లొకేషన్ పంచుకోవడం. రెండు రకాలవి వాడతాం. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 2017 నుంచి ఉంది. పదిహేను నిమిషాలు, ఒక గంట, ఎనిమిది గంటలు అని మూడే గడువులు ఇస్తుంది, గడువు తీరగానే దానంతట అదే ఆగిపోతుంది. గూగుల్ మ్యాప్స్‌లో గడువు మన ఇష్టం, ఆపేదాకా నడిచేలా కూడా పెట్టుకోవచ్చు. పైగా అవతలివారి ఫోన్‌లో చార్జింగ్ ఎంత మిగిలి ఉందో కూడా చూపిస్తుంది. రోడ్డు మీద ఉన్న ఏడుగురి మధ్య వాట్సాప్, ఇంట్లో చూసేవారికి గూగుల్ మ్యాప్స్, ఇలా పంచుకున్నాం. విదేశాల్లో మోటార్ సైకిళ్లవారి కోసమే తయారైన యాప్‌లు కూడా ఉన్నాయి కానీ, ఏడుగురిలో ఒక్కరి ఫోన్‌లో లేకపోయినా అలాంటి యాప్ వల్ల ప్రయోజనం ఉండదు. ఇంట్లో కూర్చొని చూసే మా అక్క, అంటే బావ భార్య, ఫోన్‌లో ముందే ఉన్నది ఏదో అదే మాకు మంచి యాప్.

ఇక్కడ ఒక సంగతి విడమరచి చెప్పాలి, ఎందుకంటే దీన్ని అర్థం చేసుకోకపోవడం వల్లనే మేము ఒకసారి అడవిలో అరగంట నరకం చూశాం. ఫోన్ తాను ఎక్కడున్నానో తెలుసుకోవడం ఒక పని, దాన్ని ఇతరులకు చెప్పడం మరో పని. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు నాలుగింటి సంకేతం అందితే చాలు, ఫోన్ తన చోటును లెక్క కట్టుకుంటుంది. దానికి సిమ్ కార్డు కూడా అక్కర లేదు. అందుకే సిగ్నల్ లేని చోట కూడా ముందుగా దించుకున్న మ్యాపు మీద మన గుర్తు కదులుతూనే ఉంటుంది. కానీ ఆ లెక్క మా అక్క ఫోన్‌కు చేరాలంటే మాత్రం మొబైల్ డేటా ఉండాలి. డేటా పోయిన క్షణంలో నా ఫోన్‌లో నేను కదులుతూనే ఉంటాను, అక్క ఫోన్‌లో మాత్రం చివరిసారి కనిపించిన చోట రాయిలా నిలిచిపోతాను. చుక్క ఆగిందంటే మనిషి ఆగాడని కావచ్చు, సిగ్నల్ ఆగిందని కావచ్చు, చార్జింగ్ అయిపోయిందని కావచ్చు, బ్యాటరీ ఆదా చేసే ఏర్పాటు ఆ యాప్‌ను వెనక నుంచి గొంతు నొక్కేసిందని కూడా కావచ్చు. చూసేవారికి ఈ నాలుగూ ఒకేలా కనిపిస్తాయి.

శ్రీశైలం దారిలో జరిగింది ఇదే. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలవుతుంది. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అక్కడ వాహనాలను వదలరు. ఆ తరువాత ఫర్హాబాద్, వటువర్లపల్లి మీదుగా దోమలపెంట చేరేదాకా చాలా చోట్ల ఫోన్ మూగబోతుంది. ఆ రోజు చెక్‌పోస్టు దగ్గర కలిసే బయలుదేరాం కానీ, మలుపుల్లో ముందూ వెనకా అయిపోయాం. వటువర్లపల్లిలో ఆగి చూసుకుంటే ఆరుగురమే ఉన్నాం. ఒక గీత సిగ్నల్ అందిన ఫోన్‌లో తెరిచి చూస్తే తమ్ముడి చుక్క మన్ననూరు దాటిన మొదటి మలుపులోనే నిలబడి ఉంది. బండి చెడిపోయిందో, పడిపోయాడో తెలియదు. ఇద్దరం వెనక్కి తిరిగాం. అడవిలో వెనక్కి వెళ్లేటప్పుడు కళ్లు రోడ్డు మీద ఉండవు, పక్కనున్న లోయల మీద, పొదల మీద ఉంటాయి. ఆ అరగంటలో మేము తోలినంత అజాగ్రత్తగా ఎప్పుడూ తోలలేదు. మన్ననూరు దాకా పోయినా అతను కనిపించలేదు. తీరా చూస్తే అతను వెనక లేనే లేడు, మాకంటే ముందే వెళ్లి దోమలపెంటలో చాయ్ తాగుతున్నాడు. అతని ఫోన్‌కు చివరిసారి సిగ్నల్ అందిన చోటు ఆ మలుపు, అంతే. చుక్క కింద చిన్న అక్షరాల్లో అది ఎంతసేపటి క్రితపు సమాచారమో రాసి ఉంటుంది. యాభై నిమిషాల క్రితపుదని ఆ రోజు కూడా రాసే ఉంది. మేము చుక్కను చూశాం కానీ ఆ అక్షరాలను చదవలేదు.

అప్పటి నుంచి అడవిలోకి వెళ్లే ముందు చెక్‌పోస్టు దగ్గర నిలబడి, ఇంటికి ఒక మామూలు ఎస్సెమ్మెస్ పంపుతాం: "మన్ననూరు దాటుతున్నం, రెండున్నర గంటలసేపు చుక్క చూడొద్దు, దోమలపెంటలో ఫోన్ చేస్తం." డేటా అందని బలహీనమైన సిగ్నల్‌లో కూడా ఎస్సెమ్మెస్ చాలాసార్లు జారుకొని వెళ్లిపోతుంది. లోపల మాత్రం యాప్‌ను పక్కన పెట్టి పాత పద్ధతే పాటిస్తాం. ప్రతి మనిషీ తన వెనకవాడిని అద్దంలో చూసుకుంటూ ఉండాలి, వెనకవాడు కనిపించకపోతే ఆగాలి. అందరూ అలా చేస్తే ముందున్నవాడి దాకా గుంపంతా దానంతట అదే ఆగుతుంది. ఎలాగూ అక్కడ మెల్లగా వెళ్లాలి కనుక ఇది కష్టమేమీ కాదు, కోతులకు, దుప్పులకు కూడా మంచిది.

ఇప్పుడు అసలు ప్రమాదం సంగతికి వస్తాను. నవంబరు మొదట్లో, వానాకాలం వరి కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో, సాగర్ వెళ్లి తిరిగి వస్తున్నాం. హాలియాలో చాయ్ తాగి విడిపోయాం. మేము నల్లగొండ దారి పట్టాం, బావ ఒక్కడే నిడమనూరు మీదుగా మిర్యాలగూడ బయలుదేరాడు. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో ఆ రోజుల్లో రోడ్లు ఎలా ఉంటాయో ఈ వైపు వారికి చెప్పనక్కర లేదు. కల్లాలు లేని రైతు వడ్లు ఎక్కడ ఆరబోస్తాడు? సగం రోడ్డు మీద పొడుగునా వడ్లు పరిచి, బండ్లు ఎక్కకుండా అంచున వరసగా రాళ్లు పెడతాడు, పొద్దు వాలగానే వడ్లను కుప్పచేసి నల్లటి పట్టా కప్పి, పట్టా ఎగరకుండా దాని మీద మళ్లీ రాళ్లు పెడతాడు. నల్లటి తారు రోడ్డు మీద నల్లటి పట్టా, దానికి తోడు మసక చీకటి. ఎదురుగా వచ్చే ట్రాక్టర్ దీపం కళ్లలో కొట్టడంతో బావ ఎడమకు జరిగాడు. ముందు చక్రం రాయిని తన్నింది, బండి వడ్ల మీద జారింది.

మిర్యాలగూడలో అక్క వంట చేసుకుంటూ ఫోన్‌ను గూట్లో నిలబెట్టుకుంది. ఆరు నలభైకి చూస్తే చుక్క నిడమనూరు దాటి ఉంది. ఏడింటికి చూస్తే అక్కడే ఉంది. బావకు దారిలో ఆగే అలవాటు హాలియాలో ఒక్కచోటే అని ఆమెకు తెలుసు. చార్జింగ్ అరవై శాతం చూపిస్తోంది, సమాచారం ఒక నిమిషం క్రితపుదే, అంటే సిగ్నల్ ఉంది, ఫోన్ బతికే ఉంది, కానీ ఎత్తడం లేదు. నాకు ఫోన్ చేసి, "తమ్మీ, మీ బావ చుక్క ఇరవై నిమిషాల సంది కదుల్తలేదురా, ఫోన్ ఎత్తుతలేడు" అంది. నేను అప్పటికి కనగల్ దాటి నల్లగొండకు దగ్గరలో ఉన్నాను; నేను తిరిగి వెళ్లేసరికి గంట పడుతుంది. మందుల వ్యాపారంలో ఉన్న పరిచయం ఆ రోజు ఆదుకుంది. నిడమనూరులో మందుల దుకాణం నడిపే మిత్రుడికి ఫోన్ చేసి లొకేషన్ లింకు పంపితే, ఆయన దుకాణంలో పనిచేసే కుర్రాడిని వెనక కూర్చోబెట్టుకొని స్కూటర్ మీద బయలుదేరాడు.

వాళ్లు పది నిమిషాల్లో చుక్క మీదకు చేరారు. అక్కడ మనిషి లేడు. రింగు చేస్తే పొలంలో కోసిన వరి మోళ్ల మధ్య ఫోన్ వెలిగింది. అద్దం పగిలింది, హోల్డర్ పిడి ఇంకా దాన్ని పట్టుకునే ఉంది, హ్యాండిల్ నుంచి హోల్డరే ఊడి గాలిలో ఎగిరి పడింది. బండి ఎక్కడ, మనిషి ఎక్కడ? ఇద్దరూ ఫోన్ దీపాలు వేసుకొని ముందుకు వెతికారు. బావ వాళ్ల వెనక, నలభై అడుగుల దూరంలో, కల్వర్టు గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. వాళ్లు వచ్చేటప్పుడు ఆయన పక్క నుంచే వచ్చారు. ఎడమ వైపు కాలర్ బోన్ విరిగి, నొప్పికి గొంతు పెగలక, దాటిపోతున్న స్కూటర్ దీపాన్ని చూస్తూ ఉండిపోయాడట. ఆ మాట చెప్పేటప్పుడు బావ ఇప్పటికీ నవ్వుతాడు, అక్క మాత్రం లేచి లోపలికి వెళ్లిపోతుంది.

హెల్మెట్ సొట్ట పడింది, తల నిలబడింది. 108కు ఫోన్ చేస్తే మొదట అడిగింది లింకు కాదు. మండలం, ఊరు, దగ్గరలో గుర్తు ఏమిటని. స్థానికుడు కనుక మిత్రుడు తడుముకోకుండా చెప్పగలిగాడు. ఆ చోట నేను ఉంటే, చేతిలో అంత కచ్చితమైన మ్యాపు ఉండి కూడా, ఊరి పేరు చెప్పలేక నీళ్లు నమిలేవాడిని. అంబులెన్స్ బయలుదేరాక అందులోని సిబ్బంది తిరిగి ఫోన్ చేసినప్పుడు ఆ నంబరుకు లొకేషన్ పంపాం, అప్పుడది పనికి వచ్చింది. దారి పక్కన కిలోమీటరు రాయి మీది అంకె కూడా ఇలాంటప్పుడు బంగారం. జాతీయ రహదారుల మీద 1033కు ఫోన్ చేసేవారికి మరీను. పోలీసులు, కేసు అని మిత్రుడు జంకలేదు. సాయం చేసినవారిని ఇబ్బంది పెట్టకూడదని 2019లో మోటారు వాహనాల చట్టానికి 134ఎ సెక్షన్ చేర్చిన సంగతి ఆయనకు తెలుసు. తెలియకపోయినా వెళ్లేవాడే అనుకోండి.

ఆ రాత్రి తరువాత మా పద్ధతులు చాలా మారాయి. ముఖ్యమైనది ఫోన్ ఉండే చోటు. చుక్క చూపించేది ఫోన్‌ను, మనిషిని కాదు కనుక, ఫోన్ మనిషిని విడిచిపోకుండా ఉండాలి. దారి చూపే ఫోన్ హ్యాండిల్ మీద ఉంటే ఉండనివ్వండి, ఇంటివారు చూసే ఫోన్ మాత్రం చొక్కా లోపలి జేబులో, జిప్పు వేసి ఉండాలి. రెండు ఫోన్లు లేనివారు దారిని చెవిలో వింటే చాలు, తెర చూడనక్కర లేదు. చట్టం కూడా బండి నడిపేటప్పుడు ఫోన్‌ను దారి తెలుసుకోవడానికి మాత్రమే, అదీ ధ్యాస చెదరకుండా వాడమంటోంది. హ్యాండిల్ మీద పెట్టడం ఫోన్‌కు కూడా మంచిది కాదు. బలమైన మోటార్ సైకిల్ ఇంజన్ల అదురుకు ఐఫోన్ కెమెరాలు దెబ్బతినవచ్చని ఆపిల్ సంస్థే 2021లో ప్రకటించింది. నా బుల్లెట్ అదురుకు నా ఫోన్ కెమెరా అంతకు ముందే మసకబారింది. ఇక మే నెల మా ఎండలో, ఎదురుగాలి కూడా వేడిగా కొట్టేటప్పుడు, హ్యాండిల్ మీది ఫోన్ కాలిపోయి చార్జింగ్ ఎక్కడం మానేస్తుంది, తెర మసకబారుతుంది, ఒక్కోసారి తనంతట తానే ఆగిపోతుంది.

రెండో మార్పు చిన్నది, పది రూపాయలది. ప్రతి ఒక్కరి మెడలో ఒక ఈల ఉంటుంది. గొంతు పెగలకపోయినా ఊపిరి ఉంటుంది. ఇది మా బావ సొంత ఆలోచన.

ఫోన్ లోపలి సర్దుబాట్లు ఒక్కసారి చేసుకుంటే చాలు కానీ, ఎవరూ చేసుకోరు. మ్యాపు యాప్‌కు లొకేషన్ అనుమతి "ఎల్లప్పుడూ" అని ఇవ్వాలి. వాడుతున్నప్పుడు మాత్రమే అని ఇస్తే తెర ఆరిన కాసేపటికే చుక్క నిలిచిపోవచ్చు. ఉజ్జాయింపు లొకేషన్ కాక కచ్చితమైన లొకేషన్ ఎంచుకోవాలి. బ్యాటరీ ఆదా జాబితా నుంచి ఆ యాప్‌ను తప్పించాలి. తక్కువ ధర ఫోన్లలో ఈ ఒక్క కారణం వల్లనే సగం చుక్కలు ఆరిపోతాయి. తాళం వేసిన తెర మీదనే రక్తం గ్రూపు, ఇంటివారి నంబరు కనిపించేలా అత్యవసర సమాచారం నింపుకోవాలి. మందుల దుకాణంవాడిగా చెబుతున్నాను, బీపీకి, షుగర్‌కు, గుండెకు వాడే మందుల పేర్లు, ముఖ్యంగా రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి, పడని మందు ఉంటే అదీ, అందులో తప్పకుండా రాయాలి. సొంత నెట్‌వర్క్ లేని చోట కూడా మరో కంపెనీ టవర్ అందితే 112కు ఫోన్ కలుస్తుందని చాలామందికి తెలియదు. గీతలు లేవని ప్రయత్నం మానకూడదు. పడిపోవడాన్ని తానే పసిగట్టే ఫోన్లు కూడా వచ్చాయి కానీ, వాటిని కార్ల ప్రమాదాలను దృష్టిలో పెట్టుకొని చేశారు. వడ్ల మీద మెల్లగా జారిన బండిని అవి గుర్తిస్తాయని నేను నమ్ముకోను.

ఇంతకీ ఆ రోజు బావను కాపాడినది యాప్ అని అందరూ అంటుంటే నాకు కాస్త అసహనంగా ఉంటుంది. యాప్ ఏ గంటా కొట్టలేదు, ఎవరినీ పిలవలేదు. ఏడింటికి ఒక మనిషి ఫోన్ వంక చూసింది. బావ ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ ఆగడో ఆమెకు తెలుసు. అదే చుక్క మా ఏడుగురి గుంపులో కూడా కనిపిస్తూనే ఉంది, కానీ మేమందరం బండ్ల మీద ఉన్నాం, ఒక్కరూ చూడలేదు, చూడకూడదు కూడా. ఏడుగురికి పంపితే ఏడుగురూ చూస్తారనుకోవడం పొరపాటు. ఎవరికి వారు మరొకరు చూస్తున్నారులే అనుకుంటారు. అందుకే ఇప్పుడు ప్రతి ప్రయాణానికీ ఇంట్లో కూర్చొని చూసేవారిని ఒక్కరినే పేరు పెట్టి నియమిస్తాం. వారికి మేము బయలుదేరే వేళ, ఆగే చోట్లు, ఆ చోట్లలో ఎంతసేపు ఉంటామో, ఎక్కడ సిగ్నల్ పోతుందో ముందే చెబుతాం. ఆగకూడని చోట పదిహేను నిమిషాలు చుక్క ఆగితే ఫోన్ చేయాలి, ఎత్తకపోతే గుంపులో మరొకరికి, వారూ ఎత్తకపోతే ఆ దారిలో మాకు తెలిసిన మనిషికి చేయాలి. హాలియా, నిడమనూరు, కొండమల్లేపల్లి, డిండి, అచ్చంపేటల్లో ఒక్కొక్క పరిచయస్తుడి నంబరు ఆ చూసేవారి దగ్గర ఉంటుంది. ఇవి ఎక్కువగా నా వ్యాపారంలోని మిత్రులవే. ఊరూరా రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉండే కొట్టు మందుల కొట్టే కదా.

చూడటానికి కూడా ఒక హద్దు ఉండాలని తమ్ముడి వల్ల తెలిసింది. బావ ప్రమాదం తరువాత భయపడి అతని నాన్న, కొడుకు ఫోన్‌లో లొకేషన్‌ను ఆపేదాకా నడిచేలా పెట్టించుకున్నాడు. వారం తిరగకముందే, రాత్రి పదకొండింటికి ఫలానా బిర్యానీ హోటల్లో ఎవరితో ఉన్నావని ఫోన్. ఒకరోజు ఆఫీసుకు ఎందుకు పోలేదని ఫోన్. విసిగిపోయిన తమ్ముడు మొత్తానికే ఆపేశాడు. ఆదివారం మాతో వచ్చినప్పుడు కూడా వెలిగించడం మానేశాడు. తండ్రికీ కొడుకుకూ మధ్య సారు పంచాయతీ చేయవలసి వచ్చింది. "బండి మీద ఉన్నంతసేపు మీ నాయనది, బండి దిగినంక నీది" అన్నది ఆయన తీర్పు. బయలుదేరేటప్పుడు గడువు పెట్టి వెలిగించాలి, ఇల్లు చేరగానే ఆరిపోవాలి. గడువు లేని లొకేషన్ మా గుంపులో ఎవరికీ ఇప్పుడు లేదు. బయటివారితో కలిసి పెద్ద ప్రయాణాలకు వెళ్లినప్పుడు మరింత జాగ్రత్త పడతాం. ముక్కూ మొహం తెలియని వంద మంది ఉన్న గుంపులోకి లైవ్ లొకేషన్ పంపము, వెళ్లిన దారి బొమ్మను ఆన్‌లైన్‌లో పెడితే అది ఇంటి గేటు నుంచి కాక గడియారం సెంటర్ నుంచి మొదలయ్యేలా చూసుకుంటాం. ఇంట్లో ఎవరూ లేరని, పలానా వేళ దాకా రారని ఊరికి చాటవలసిన పని లేదు.

బావ కాలర్ బోన్ అతుక్కుంది. సంక్రాంతి దాటాక మళ్లీ బండి ఎక్కాడు. అక్క అడ్డు చెప్పలేదు కానీ, మిర్యాలగూడ దారిలో వడ్ల కాలం రెండు నెలలూ పొద్దు ఉండగానే ఇల్లు చేరాలని షరతు పెట్టింది, అది మా ఏడుగురికీ వర్తిస్తుందని కూడా చెప్పింది.

వచ్చే ఆదివారం సోమశిల వెళుతున్నాం. చూసే వంతు అక్కదే. ఫోన్‌లో పంపిన దారి ఆమెకు చాలలేదు. దారిలో వచ్చే ఊళ్ల పేర్లు వరసగా కాగితం మీద రాసి పంపమంది, ఫ్రిజ్ తలుపుకు అంటించుకుంటుందట. నల్లగొండ, కొండమల్లేపల్లి, దేవరకొండ, డిండి, అచ్చంపేట, కొల్లాపూర్, సోమశిల అని రాశాను. డిండి పక్కన "చాయ్, ఇరవై నిమిషాలు" అని కూడా రాశాను. చాయ్ దగ్గర సారు తొందరగా లేవరని తెలిసినది కనుక, ఆమె దాన్ని కొట్టేసి నలభై అని దిద్దుకుంది.